కలుపును పట్టిచ్చే వెలుగు

నాట్లు వేసిన కొత్తలో వరిని, ఊదను వేరుచేయడానికి గోదావరి డెల్టా చేలల్లో ఆరితేరిన కన్ను కావాలి. రెండూ ఒకే పచ్చన. కలుపు తీసే మనిషి వంగి ఆకు మొదలు చూస్తుంది. వరికైతే అక్కడ పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు.

క్యాన్సర్ ఆపరేషన్ చేసే సర్జన్‌కూ ఇదే పరీక్ష. పెద్ద గడ్డ చేతికి తగులుతుంది. పొట్ట లోపలి పొర మీద ఆవగింజంత మచ్చలు మాత్రం మంచి కండలో కలిసిపోతాయి. ఏవి మిగిలిపోయినా జబ్బు మళ్ళీ మొలకెత్తవచ్చు.

కోసేటప్పుడు లేచే పొగలోని రసాయనాలను బట్టి కండ గుణం చెప్పే కత్తిని లండన్ ఇంపీరియల్ కళాశాల 2013లో పరీక్షించి చూపింది. చిన్న నీటిబొట్టుతో అదే పని చేసే పెన్ను 2017లో టెక్సస్ నుంచి వచ్చింది. ఇవి ముట్టుకున్న చోటు సంగతి చెబుతాయి. ఎక్కడ ముట్టుకోవాలో చూపేది పాఫోలాసియానిన్ అనే మందు.

దీన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 నవంబరులో అండాశయ క్యాన్సర్ ఆపరేషన్లకు అనుమతించింది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనల ఫలం ఇది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువును ఎరగా చేసి, దానికి ఒక రంగును కట్టారు. అండాశయ క్యాన్సర్ కణాల్లో చాలావాటి మీద ఫోలేట్‌ను అందుకునే గ్రాహకాలు దండిగా ఉంటాయి. కణం ఎరను మింగుతుంది, ఎరతోపాటు రంగూ లోపలికి పోతుంది. ఆపరేషన్‌కు 1 నుంచి 9 గంటల ముందు నరంలోకి ఎక్కిస్తే, ఆ రంగు ఇచ్చే, కంటికి కనబడని వెలుగును ప్రత్యేక కెమెరా తెర మీద చూపిస్తుంది. రోగి ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడుతుంటే 48 గంటల ముందే మానాలి. లేకపోతే ఎర పట్టాల్సిన చోట్లలో మాత్ర ముందే కూర్చుంటుంది. ఎంత సన్నని లెక్కో చూడండి!

134 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో, కన్నూ చేయీ పట్టుకోలేని క్యాన్సర్ మచ్చ కనీసం ఒక్కటైనా దాదాపు 27 శాతం మందిలో బయటపడింది. వెలిగిందల్లా క్యాన్సర్ కాదు కాబట్టి, తీసిన ముక్క మీద చివరి మాట పాథాలజిస్టుదే.

ఈ ఎర వెనుక మన భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాన్ని పోలిన అమినోప్టెరిన్‌నూ అదే బృందం చేసింది. ఫోలేట్ అనుకుని కణం లోపలికి తీసుకుంటే, అది ఎదుగుదలను ఆపుతుంది. వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో ల్యుకేమియా పిల్లలకు ఇచ్చింది ఆ మందే. నాటి ఎరకు కణాన్ని ఆపే గుణం ఉంటే, నేటి ఎరకు దీపం కట్టారు.

అంతకు ముందు, 1925లోనే, సహశాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని నీలం రంగుగా మార్చి, ఆ నీలం చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని లోకానికిచ్చారు. కంటికందని రసాయనాన్ని రంగులోకి తెచ్చి చూపే ఆ ఓపిక, ఆపరేషన్ బల్ల పక్కన వెలిగే తెరలో నాకు మళ్ళీ కనిపిస్తోంది.