సన్న సెగ నుంచి పెద్ద మంట దాకా

హైదరాబాద్‌లో సాయంత్రం పూట ఊరికే బయటికి వెళ్లి ఏదో ఒకటి తిని రావడం ఆకలి పని కాదు. ఆకలైతే ఇంట్లో అన్నం ఉంది. ఇరానీ హోటల్లో ఒక చాయ్, దారిలో బేకరీ దగ్గర ఆగి నాలుగు బిస్కెట్లు, చీకటి పడ్డాక వీధి మలుపులో నూడుల్స్ బండి. నాలుక మీద మూడూ మూడు లోకాలు. కాస్త దగ్గరగా నిలబడి చూస్తే మూడింటి వెనకా ఒకటే విద్య కనిపిస్తుంది: నిప్పుని ఎంతసేపు ఉంచాలో, ఎంత ఉంచాలో తెలిసిన చెయ్యి. చాయ్‌ది సన్న సెగ. బేకరీది గోడల మధ్య బంధించిన వేడి. నూడుల్స్‌ది పైకెగసే మంట. మనం రుచి అని మెచ్చుకునేది ఆ నిప్పు నడకనే అని నా అభిప్రాయం.

చాయ్‌తోనే మొదలుపెట్టాలి, అక్కడ తొందరకి చోటే లేదు కాబట్టి. ఇంట్లో టీ అంటే నీళ్లు, పాలు, పొడి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో పొంగించడం. ఇరానీ చాయ్‌లో పాలకీ డికాషన్‌కీ కప్పులోకి వచ్చేదాకా ముఖపరిచయం ఉండదు. కళాయి పూసిన హండాలో నీళ్లు, టీ పొడి, చక్కెర వేసి, మూతి గుడ్డతో బిగించి, సన్న సెగ మీద దమ్ పెడతారు. బిర్యానీకి పెట్టే దమ్మే ఇది. ఆవిరి బయటికి పోలేక తిరిగి నీళ్లలోకే దిగుతుంది, వాసనని కూడా తనతో దింపుకుంటుంది. పక్క పొయ్యి మీద పాలు మరుగుతుంటాయి. వాటిని పొంగనివ్వరు, ఇంకనిస్తారు. నీరు తగ్గి, చిక్కబడి, పాలకుండే సొంత తీపి పైకి తేలి, తెలుపు కాస్తా మీగడ రంగుకి తిరిగేదాకా దించరు.

తర్వాత చూడవలసింది కౌంటర్ వెనక చాయ్ మాస్టర్ చెయ్యి. కప్పులు వరసగా పేరుస్తాడు. ముందు డికాషన్, ఎరుపు తిరిగిన నలుపు, కప్పు అడుగు నిండేంత. దాని మీద గరిటెతో పాలు. చెంచా పెట్టి కలపడు. పాలు పడిన ఊపుకే నలుపు అడుగు నుంచి లేచి, కప్పు గోడలెంట తిరిగి, ఒక్క క్షణం చారలు చారలుగా నిలిచి, గోధుమకీ గులాబీకీ మధ్య ఎక్కడో ఒక రంగు దగ్గర ఆగుతుంది. ‘మలాయ్ మార్ కే’ అని చెప్పినవాడికి పైన మీగడ పడుతుంది. కప్పు బల్ల మీదికి వచ్చేసరికి కొంత చాయ్ సాసర్లోకి ఒలికి ఉంటుంది. దాన్ని తప్పుగా ఎవరూ చూడరు. ఆ ఒలికిందాన్నే ముందు జుర్రుకునే పెద్దమనుషులున్నారు, చల్లారిన గుక్కలో తీపి బాగా తెలుస్తుందని.

మొదటి గుక్కలో పాల చిక్కదనం నాలుకంతా పరుచుకుంటుంది. దాని వెనకే చక్కెర. ఇంకేముంది, ఇది పాయసమే అనుకునే లోపల నాలుక చివర, గొంతు మొదట్లో వగరు తగులుతుంది. ఆ వగరు కోసమే దమ్ పెట్టింది. అది లేని ఇరానీ చాయ్ వేడి పాల కిందే లెక్క. మింగాక వాసన ముక్కులోకి వెనక దారిన వస్తుంది. రెండో గుక్క తాగించేది అదే.

ఇరాన్‌లో చాయ్‌లో పాలు కలపరు. చక్కెర పలుకు పళ్ల మధ్య పెట్టుకుని నల్ల టీ చప్పరిస్తారు. యజ్ద్, షీరాజ్ వైపుల నుంచి 19వ శతాబ్దం చివర్లోనూ 20వ శతాబ్దం మొదట్లోనూ బయల్దేరి, ముంబయి, పుణే చూసుకుని నిజాం రాజ్యానికి వచ్చినవాళ్లు ఇక్కడి పాలతో, ఇక్కడి దమ్‌తో రాజీపడ్డారు. రాజీలో పుట్టిన వాటిలో ఇంత అందమైనది ఇంకొకటి చూపించండి. వీళ్ల హోటళ్లు చాలావరకు నాలుగు రోడ్ల మూలల్లోనే ఉంటాయి. మూల స్థలం కలిసిరాదని స్థానిక వర్తకులు వదిలేస్తే వీళ్లకి దక్కాయని చెబుతారు. ఆ కథ నిజమైనా కాకపోయినా మూల స్థలం చేసిన మేలు మాత్రం కంటికి కనిపిస్తుంది. రెండు వైపుల నుంచి వెలుతురు పడి పాలరాతి బల్ల మీద కప్పు నీడ రెండుగా చీలుతుంది. కూర్చున్న చోటి నుంచే రెండు వీధులూ కనిపిస్తాయి. ఆబిడ్స్‌లో ఒకప్పుడుండిన ఓరియంట్ హోటల్లో మఖ్దూమ్ మొహియుద్దీన్ వంటి కవులు గంటల తరబడి కూర్చునేవారంటే, ఒక చాయ్ ధరకి అంత వెలుతురూ అంత వీధీ దొరకడం వల్ల కూడా అయ్యుంటుంది. లేవమని అడిగేవాళ్లు ఉండేవారు కాదు. ‘ఔర్ ఏక్ చాయ్, సాబ్?’ అని మాత్రం అడిగేవారు. అది గౌరవమో చురకో తేల్చుకోవడం మన పని.

ఇప్పుడు ఇరానీ చాయ్ పేరుతోనే అద్దాల దుకాణాలు వెలిశాయి. ఏసీ ఉంది, పింగాణీ కప్పు లేదు. కాగితం కప్పులో ఇరానీ చాయ్ తాగడం గాయకుడి పాట గోడ అవతల నుంచి వినడం లాంటిది. మందమైన పింగాణీ అంచు పెదవికి ముందు వేడి చెబుతుంది, తర్వాత చాయ్ ఇస్తుంది. కాగితం ఆ మాట చెప్పకుండానే నాలుక కాలుస్తుంది, పైగా తన వాసన కలుపుతుంది. ఈ విషయంలో నేను మొండివాణ్ణే.

చాయ్ పక్కన ఉస్మానియా బిస్కెట్ లేకపోతే లెక్క కుదరదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిందని అందరూ అంటారు. ఆయన కోసం చేశారని ఒకరు, ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం చేశారని ఒకరు. రోగుల కథే నాకు ఇష్టం, ఎందుకంటే ఈ బిస్కెట్‌లో ఆడంబరం ఏమీ లేదు. జీడిపప్పు లేదు, క్రీమ్ లేదు, చాక్లెట్ లేదు. మైదా, వెన్న, పాలు, చక్కెర, ఉప్పు. పైన పూత కాలి ఎరుపెక్కి ఉంటుంది, అంచులు లేతగా ఉంటాయి, అడుగు మరీ లేత. కొరికితే విరగదు, రాలుతుంది. మొదట తీపి. అది కరుగుతుండగా కింద నుంచి ఉప్పు. ఉప్పు వచ్చాక తీపి మళ్లీ కొత్తగా కనిపిస్తుంది. రెండు రుచులు ఒకదాని వెనక ఒకటి నడిచే ఈ తీరు చాయ్‌లో చూసిందే. అక్కడ తీపి వెనక వగరు, ఇక్కడ తీపి వెనక ఉప్పు. రెండింటినీ జత చేసిన మహానుభావుడెవరో కానీ గొప్ప రసజ్ఞుడు.

ముంచడంలో ఒక లెక్క ఉంది. పూత ఉన్న వైపు పైకి ఉంచి సగందాకా ముంచాలి, వెంటనే తీయాలి. వెన్న ఉన్నంతసేపే చాయ్‌ని ఆపుతుంది. వేడికి వెన్న కరగ్గానే మైదా రేణువులు చాయ్ పీల్చేసుకుని, చేతిలో సగం మిగిల్చి మిగతా సగం కప్పులో జారిపోతుంది. చార్మినార్ దగ్గర మక్కా మసీదు పక్కన నిమ్రా కెఫేలో నిలబడి తాగేవాళ్లలో అడుగున పడ్డ ముద్దని చెంచాతో తీసుకుని తినేవాళ్లూ కనిపిస్తారు. దాని రుచి దానిదే.

ఈ ఊళ్లో చాయ్‌కీ బిస్కెట్‌కీ చుట్టరికం పేర్లలోనూ దొరుకుతుంది. నిజాం రెండో కొడుకు మొజం జా పేరున 1935లో కట్టిన రాతి మార్కెట్ దగ్గర, దేశ విభజనలో సింధ్ విడిచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో కరాచీ బేకరీ పెట్టారు. మొజం జా భార్య నీలోఫర్ పేరు లక్డీకాపూల్ పక్కన పిల్లల ఆసుపత్రికి దక్కింది, ఆసుపత్రి పేరు అక్కడి కెఫేకి దక్కింది. ఆ దంపతులు విడిపోయారు. మనం మాత్రం ఆయన మార్కెట్ దగ్గర కొన్న బిస్కెట్ పొట్లంతో ఆమె పేరున్న కెఫేలో కూర్చోవచ్చు.

కరాచీ వాళ్ల ఫ్రూట్ బిస్కెట్ డాలస్‌కీ న్యూజెర్సీకీ వెళ్లే సూట్‌కేసుల్లో సగం బరువు. రంగు రంగుల టూటీ ఫ్రూటీ, అంటే పచ్చి బొప్పాయిని పాకంలో ఊరబెట్టిన ముక్కలు, బిస్కెట్ పలుకుల మధ్య జిగురుగా తగులుతాయి. బాగుంటుంది. దాన్ని తక్కువ చేయను. కానీ బేకరీ గొప్పతనం పెట్టెలో ప్రయాణం చేసేదాంట్లో కంటే, ప్రయాణం చెయ్యలేనిదాంట్లో ఎక్కువ కనిపిస్తుంది. ఎగ్ పఫ్ తీసుకోండి. పిండిని పరిచి, కొవ్వు రాసి, మడిచి, మళ్లీ పరిచి, మళ్లీ మడుస్తారు. ఓవెన్‌లో పెట్టగానే పిండిలోని తడి ఆవిరై పైకి పోవాలని చూస్తుంది. మధ్యలో కొవ్వు పొరలు దారి ఇవ్వవు. ఆవిరి ఒక్కో పొరనీ ఎత్తి పట్టుకుంటుంది, వేడి దాన్ని అలాగే గట్టిపరుస్తుంది. మనం కొరికేది ఆవిరి ఖాళీ చేసి వెళ్లిన గదుల్ని. లోపల సగం కోడిగుడ్డు, కొంచెం ఉల్లిపాయ మసాలా. ట్రే బయటికొచ్చిన పది నిమిషాల్లో తింటే అది వాస్తుశిల్పం. సాయంత్రానికి అద్దాల పెట్టెలో బల్బు వెలుగున కూర్చున్నది మెత్తబడ్డ మైదా. అందుకే బేకరీకి వెళ్లేవాడు ముందు ట్రే ఎప్పుడొస్తుందో కనుక్కోవాలి.

మొహర్రం నెలలో నాంపల్లి సుభాన్ బేకరీ ముందు కట్టే బారు దమ్ కా రోట్ అనే బిస్కెట్ కోసం. రవ్వ, నెయ్యి, కుంకుమపువ్వు, బాదం, జీడిపప్పు. అంచు కరకర, మధ్య మెత్తన. అది మాత్రం మర్నాటికి ఇంకా బాగుంటుంది, నెయ్యి రవ్వలోకి పూర్తిగా దిగుతుంది కాబట్టి.

ఇక పెద్ద మంట. మన ఊళ్లలో ఫాస్ట్ ఫుడ్ సెంటర్ అంటే నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా. హైదరాబాద్, విజయవాడ, కాకినాడ, ఎక్కడికెళ్లినా చీకటి పడగానే ఇనప కడాయి మీద గరిటె టంగుమని మోగుతుంది. ఆ చప్పుడే బండికి బోర్డు. ‘అన్నా, ఒక ఎగ్ నూడుల్స్, కారం కొంచెం ఎక్కువ’ అని చెప్పి పక్కకి జరగకండి, అక్కడే నిలబడండి. అసలు కచేరీ ఇప్పుడే మొదలవుతుంది.

నూడుల్స్ ముందే ఉడికించి, నీళ్లు వార్చి, నూనె పట్టించి బేసిన్‌లో గుట్టగా పోసి ఉంటాయి. మాస్టర్ పొయ్యి తిప్పగానే మంట హోరుమంటుంది. నూనె పొగ వచ్చేదాకా ఆగుతాడు. ఒంటి చేత్తో గుడ్డు కొడతాడు. అది పొంగి అంచులు ఎర్రబడే లోపలే గరిటెతో చిదిమేస్తాడు. గుప్పెడు క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయ. దాని మీద నూడుల్స్. ఉప్పు, మిరియాల పొడి, ఒక చిటికెడు అజినోమోటో. ఆ తెల్ల పలుకులు జపాన్‌లో 1909లో అమ్మకానికి వచ్చాయి, కొంబు అనే సముద్రపు నాచు రుచిని వెతుకుతూ ఇకెదా కికునే అనే రసాయన శాస్త్రవేత్త పట్టుకున్నవి. అమీర్‌పేట బండి మీద వాటి ప్రయాణం ముగుస్తుంది. తర్వాత సోయా సాస్. మంచి మాస్టర్ దాన్ని నూడుల్స్ మీద పొయ్యడు, కాలుతున్న కడాయి గోడ మీద చుట్టూ పోస్తాడు. అది సుర్రుమని మాడుతూ, చేదు అంచు తగిలిన తీపి వాసనతో లోపలికి దిగుతుంది. ఆ ఒక్క పని చూసి మాస్టర్‌ని అంచనా కట్టొచ్చు.

అప్పుడు ఎగరేయడం. మణికట్టు ముందుకి తోస్తుంది, మోచెయ్యి వెనక్కి లాగుతుంది. నూడుల్స్ మొత్తం గాల్లోకి లేచి, విడిపోయి, వంకర తిరిగి మళ్లీ పడతాయి. పైకి లేచినప్పుడు తడి ఆవిరై పోతుంది. కింద పడినప్పుడు ఇనుము కాలుస్తుంది. అంచు దాటిన నూనె తుంపరలు మంట అంటుకుని కడాయి లోపల ఒక్క మెరుపు మెరుస్తుంది. నూడుల్స్‌కి పట్టే పొగ వాసన ఆ మెరుపుదే. ఏ సీసాలోనూ దొరకదు. కాంటన్ వంటలో ఈ పొగనే పనితనానికి గీటురాయిగా చూస్తారు. ఇంట్లో ఎంత కష్టపడ్డా ఇది రాదు, మన గ్యాస్ పొయ్యికి అంత ఊపిరి లేదు. మొత్తం రెండు మూడు నిమిషాల పని. చాయ్ గంటల్లో సాధించిన దాన్ని ఇది క్షణాల్లో సాధిస్తుంది. దమ్‌లో ఆవిరిని బంధించడం విద్య, ఇక్కడ ఆవిరిని తరిమేయడం విద్య.

ఇది అసలు చైనా వంటే కాదని పెదవి విరిచేవాళ్లుంటారు. నిజమే, కాదు. కోల్‌కతాలో స్థిరపడ్డ హక్కా చైనీయుల వంటిళ్ల నుంచి బయల్దేరి, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి తగిలించుకుంటూ దేశమంతా తిరిగింది. చికెన్ మంచూరియన్ అయితే కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబయి క్రికెట్ క్లబ్‌లో చేసిన ప్రయోగమని ప్రతీతి. మన బండి దాకా వచ్చేసరికి మిరియాలు రెట్టింపయ్యాయి, పక్కన నిమ్మచెక్క, ఉల్లిపాయ ముక్కలు చేరాయి. అసలుదా కాదా అన్న విచారణ పంచాయితీలకి పనికొస్తుందేమో, రసానికి పనికిరాదు. నేను పెట్టే పరీక్ష వేరు: తినడం అయ్యాక ప్లేటు అడుగున నూనె మడుగు కట్టిందా? కడితే మంట చాలలేదు. ఎర్ర రంగు వేళ్లకి అంటిందా? అయితే చేతకానితనాన్ని సాస్‌తో కప్పారు. ఈ రెండు తప్పులూ చేసే బండ్లే ఎక్కువని ఒప్పుకోవాలి.

ఈ మూడింటి లెక్కలో చేరని కాపుచినో కెఫేల గురించి రెండు ముక్కలు చాలు. పాల నురగ మీద ఆకు బొమ్మ వేసే అమ్మాయి చేతిలో కళ ఉంది, కాదనను. కానీ అక్కడ అందరూ ఎవరి తెర ముందు వాళ్లు కూర్చుంటారు. వెలుతురు కూడా అందరికీ విడివిడిగా, దీపాల కింద వడ్డిస్తారు.

మళ్లీ బండి దగ్గరికొస్తే, ఒక్కటే మనవి. నూడుల్స్ పార్సిల్ కట్టించుకోకండి. ప్లాస్టిక్ డబ్బా మూత పడగానే, మాస్టర్ అంత కష్టపడి తరిమేసిన ఆవిరి తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఇంటికెళ్లేసరికి పొగ వాసన పోయి ముద్ద మిగులుతుంది. బండి పక్కనే నిలబడి, చెయ్యి కాలుతుండగానే తినండి.