ఊరెరిగినవారికే బొమ్మ దొరుకుతుంది (ముందుమాట)

కోనసీమ పాత బొమ్మలు ఏయే గ్రంథాలయాల డిజిటల్ భాండారాల్లో ఉన్నాయో వెతకడం, దొరికినవాటిని పద్ధతిగా తెప్పించుకోవడం, తెచ్చుకున్నవాటిని పదికాలాలపాటు పదిలపరచుకోవడం. ఈ మూడు పనులనూ ఒకేచోట, మన ఊళ్ళ పేర్లతో, మన మాటల్లో నేర్పిన పుస్తకం నా ఎరుకలో ఇదే మొదటిది. రాజోలు వైపు ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్న చిరంజీవి రచయిత్రి రాతప్రతి తెచ్చి నా చేతికిచ్చి, "చదివి నాలుగు మాటలు రాయండి మాష్టారూ" అంది. గ్రంథాలయాల నీడనే బతికినవాణ్ణి. ఇలాంటి పుస్తకానికి ముందుమాట రాసే అవకాశం రావడం నాకు నిండు సంతోషం. చదివాక ఆ సంతోషం గౌరవంగా మారింది. ఆ గౌరవానికి కారణాలు చెప్పడమే ఈ నాలుగు మాటల పని.

ముందుగా, ఈ పుస్తకం మన సీమకి ఎందుకు కావాలో చెబుతాను. గౌతమికీ వసిష్ఠకీ నడుమ, మధ్యలో వైనతేయ పాయ చీల్చుకుపోయే ఈ నేల మీద పంట నిలుస్తుంది గాని కాగితం నిలవదు. 1986 ఆగస్టు వరద లంకల్ని ముంచింది. 1996 నవంబరు 6 నాటి తుపాను కొబ్బరితోటల్ని నేలకూల్చి ఇళ్ళ కప్పులు లేపుకుపోయింది. ఆ రెండు దెబ్బలకీ పెట్టెల్లోని దస్తావేజులు, గోడమీది పెళ్ళిఫొటోలు, బడి రిజిస్టర్లు ఎన్ని ఇళ్ళలో నాని ముద్దయిపోయాయో లెక్క కట్టినవారు లేరు. నీటికి తోడు నిప్పు. 2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయింది. మరుసటేడు కొత్త రథం కదిలింది, మంచిదే. కాని పాత రథం ఎలా ఉండేదని రేపు ఒక పిల్లవాడు అడిగితే చూపించడానికి ఫొటో ఒక్కటే ఆధారం.

ఇక్కడ నిలవని కాగితం వేరేచోట నిలిచింది. ఈ గడ్డను కొలిచినవారు, ఏలినవారు, ఇక్కడ వర్తకం చేసినవారు తమ పటాలనూ చిత్తరువులనూ తమతో తీసుకుపోయారు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ సేకరణలో గణనీయమైన భాగం లండన్ చేరింది. ఆ సేకరణ వెనుక ఏలూరువారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల శ్రమ ఉంది. గౌతమి ఒడ్డున మన పొరుగున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది కాబట్టి దాని పటాలూ కాగితాలూ పారిస్ దాకా వెళ్ళాయి. అవి ఇన్నాళ్ళూ పరిశోధకులకి తప్ప మనకి అందలేదు. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీ, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయపు డిజిటల్ భాండారం గాలికా, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి సంస్థలు వాటి తలుపులు తెరిచాయి. 2016 జనవరిలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ కాపీహక్కుల గడువు తీరిన లక్షా ఎనభైవేలకు పైగా బొమ్మల్ని పెద్ద సైజులో ఎవరైనా దింపుకోవచ్చని ప్రకటించింది. తలుపు తీసి ఉన్నా లోపలికెళ్ళే దారి తెలియాలి. ఆ దారే ఈ పుస్తకం.

మొదటి అధ్యాయం పేర్ల గురించి. నా మటుకు ఈ పుస్తకానికి ఆయువుపట్టు అదే. కోనసీమ అని కొట్టి, ఏమీ రాలేదని నిరాశపడి లేచిపోయేవారే ఎక్కువ. పాత రికార్డుల్లో మన సీమ ఆ పేరుతో ఉండదు. 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజెటీరు చూస్తే అమలాపురం తాలూకా, నగరం తాలూకా కనిపిస్తాయి. ఈనాటి రాజోలు ప్రాంతాన్ని ఆ నగరం తాలూకాలో వెతకాలి. నీటిపారుదల ఇంజినీర్ల కాగితాల్లో మనం సెంట్రల్ డెల్టా. 1925కి ముందైతే జిల్లా పేరు గోదావరి, ఆ తరువాత తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడి, అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అయింది. బొమ్మ ఏ కాలానిదో ముందు ఊహించుకుని, ఆ కాలపు పేరుతో వెతకమంటుంది రచయిత్రి. ఎంత తేలికైన సూత్రం! ఎంతమందికి తట్టలేదు!

ఆ పేర్లనైనా దొరలు ఒకే తీరుగా రాయలేదు. గోదావరికి చివర ఒకరు ఒక అక్షరం పెడితే మరొకరు మరొకటి పెట్టారు. ధవళేశ్వరానికి ఇంగ్లీషులో ఇన్ని వర్ణక్రమాలు ఉన్నాయని ఈ పుస్తకంలోని పట్టిక చూసేదాకా నేను గమనించలేదు. యానాంని ఫ్రెంచివారు రాసిన తీరుకి, మనం ఇంగ్లీషులో రాసే తీరుకి పొంతన లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముక్తేశ్వరం, బెండమూర్లంక, పలివెల, ర్యాలి, ఇలా ఒక్కొక్క ఊరికీ పాత పటాల్లో, నివేదికల్లో కనిపించే రూపాలన్నీ వరుసగా ఇచ్చింది. కష్టపడి తయారుచేసిన ఈ పట్టిక ఒక్కటే ఉన్నా పుస్తకానికి విలువ దక్కేది.

పేరు కుదిరాక కూడా బొమ్మని గుర్తుపట్టాలి. ఈ సందర్భంలో ఆమె ఎంచుకున్న ఉదాహరణ గన్నవరం అక్విడక్టు. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని వైనతేయ పాయ దాటించి నగరం దీవికి చేర్చడానికి లెఫ్టినెంట్ హేగ్ కట్టించిన నలభై తొమ్మిది ఖానాల కట్టడం అది. దాని పక్కనే 2000లో డొక్కా సీతమ్మగారి పేరిట కొత్త అక్విడక్టు వచ్చింది. ఒక పాత బొమ్మ కింద ఊరి పేరు లేకుండా గోదావరి డెల్టాలో ఒక అక్విడక్టు అని మాత్రమే ఉందనుకోండి. దూరదేశంలో కేటలాగు రాసే ఉద్యోగికి అంతకు మించి తెలిసే వీలు లేదు. ఆ గట్టు మీద పెరిగినవాడు ఖానాలు లెక్కపెడతాడు, ఏటి వంపు చూస్తాడు, ఏ ఒడ్డు నుంచి గీశారో చెబుతాడు. వెతుకులాటలో కంప్యూటరు నేర్పు సగమే, ఊరు తెలిసి ఉండటం మిగతా సగం. మన పిల్లలు ఆ రెండో సగంలో ఎవరికీ తీసిపోరన్నది ఈ పుస్తకం ఇచ్చే ధైర్యం. ఈ మాటనే నేను అన్నిటికంటే మెచ్చుకుంటున్నాను.

తెలుగు పుస్తకాల పుటచిత్రాల గురించి చెప్పిన భాగమూ చక్కగా ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో మొదలైన పదిలక్షల పుస్తకాల పథకం వల్ల వేలాది తెలుగు పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి ఎక్కాయి. ఆ ఫైళ్ళు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అయితే శీర్షికలు రోమన్ అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున టైపు చేసినవి. దీర్ఘాలు, ఒత్తులు గల్లంతయ్యాయి. పూర్తి పేరు కొట్టకుండా గట్టి అక్షరాలున్న చిన్న ముక్క కొట్టడం, రచయిత ఇంటిపేరు వదిలేసి చూడటం, ముద్రణ సంవత్సరంతో వడగట్టడం వంటి కిటుకులు ఆమె అనుభవంలోంచి వచ్చినవి. అలా దొరికిన పాత పత్రికల్లో, పుస్తకాల్లో మన పెద్దల ఛాయాచిత్రాలు, ఆలయాల బొమ్మలు ఎన్నో బయటపడతాయి.

రెండో అధ్యాయం నంబరు గురించి. నంబరు లేని బొమ్మ పట్టా లేని పొలంతో సమానం. కళ్ళెదుట ఉన్నా మనదని రుజువు చేయలేం. బ్రిటిష్ లైబ్రరీలో పాశ్చాత్య చిత్రాల విభాగపు బొమ్మలకి డబ్ల్యూడీ అన్న గుర్తుతో సంఖ్య ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో డిజిటల్ ప్రతుల సంఖ్య ఎల్‌సీ, డీఐజీ అనే అక్షరాలతో మొదలవుతుంది. బొమ్మ కనబడగానే దింపుకోవడం కాదు, ముందు ఆ సంఖ్య, శీర్షిక, కాలం, గీసినవారి లేదా తీసినవారి పేరు, చూసిన తేదీ రాసుకోమంటుంది. ఎందుకంటే తెర మీది చిరునామా శాశ్వతం కాదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, దాని కేటలాగూ డిజిటల్ సేవలూ స్తంభించి, కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. లింకులు మాత్రమే దాచుకున్నవారికి ఆ రోజుల్లో దిక్కుతోచలేదు. సంఖ్య రాసుకున్నవారు ఉత్తరం రాసి అడగగలిగారు. ఎంత పెద్ద గ్రంథాలయమైనా ఒకనాడు మూతపడవచ్చు. సంఖ్య మటుకు మారదు.

మూడో అధ్యాయం తెప్పించుకోవడం గురించి. ఇక్కడ ఆమె లెక్కలు సూటిగా ఉన్నాయి. అచ్చులో బొమ్మ తేటగా రావాలంటే అంగుళానికి మూడువందల చుక్కలు కావాలి. ఆరంగుళాల వెడల్పున అచ్చువేయాలంటే పద్దెనిమిది వందల పిక్సెళ్ళ వెడల్పు ఉండాలి. తెర మీద నిండుగా కనిపించిన బొమ్మ పుస్తకంలో మసకబారేది ఈ లెక్క చూసుకోనందువల్లనే. నిలవ ఉంచుకోవడానికి టిఫ్ ఫైలు, పంచుకోవడానికి జేపెగ్ ఫైలు. చాలా గ్రంథాలయాలు ట్రిపుల్ ఐ ఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి పాటిస్తున్నాయి. అందులో బొమ్మ చిరునామాలోనే ఏ భాగం, ఎంత సైజు, ఎటు తిప్పి, ఏ నాణ్యత అన్న వివరాలు వరుసగా ఉంటాయి. ఆ అంకెలు మారిస్తే ఒక పెద్ద పటంలోంచి మన లంక ఉన్న ముక్కనే తెప్పించుకోవచ్చు. ఈ కిటుకు చదివి నేనే ఆశ్చర్యపోయాను.

డబ్బు కట్టి ఆర్డరు పెట్టవలసినచోట ఏమడుగుతారో కూడా వివరించింది. పుస్తకం ఏ భాషలో, ఎన్ని ప్రతులు, బొమ్మ లోపలి పేజీలోనా అట్టమీదా, ఎంత సైజు అన్న వివరాలు ముందే సిద్ధం చేసుకుంటే ఉత్తరప్రత్యుత్తరాలు తగ్గుతాయి. ప్రతి తయారుచేసినందుకు కట్టే రుసుము వేరు, అచ్చువేయడానికి ఇచ్చే అనుమతి వేరు. ఈ తేడా తెలియక ఇబ్బందిపడే చిన్న ప్రచురణకర్తలు మన చుట్టూ ఉన్నారు. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం 2012 సవరణ దాకా ఫొటోకి అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్ళు హక్కు ఉండేది, ఇప్పుడు తీసినవారు మరణించిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్ళు ఉంటుంది. గడువు తీరినా దాచి ఉంచిన సంస్థ పేరు, సంఖ్య వేయడం మర్యాద అని ఆమె పట్టుపట్టి రాసింది. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఈ క్రమశిక్షణ ఎందుకో డొక్కా సీతమ్మగారి (1841–1909) ఫొటో గురించిన పుటలు చదివితే తెలుస్తుంది. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టిన ఆ తల్లి ఫొటోని ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి అడిగి తెప్పించుకున్నాడని కోనసీమలో ఇంటింటా చెప్పుకుంటారు. ఆ ఫొటో ఈనాడు క్యాలెండర్ల మీద, ఫ్లెక్సీల మీద, వాట్సాప్‌లో తిరుగుతోంది. రంగులద్ది, అంచులు కత్తిరించి, ఎక్కడిదో చెప్పకుండా. రచయిత్రి ఆ కథని కథగా గౌరవించి, ఫొటోని ఫొటోగా పరిశీలించింది. మొదట ఏ పుస్తకంలో అచ్చయింది, ఏ ప్రతి దేనికి నకలు, ఏది మూలానికి దగ్గర అని వరుసగా పేర్చమంది. మన పెద్దల మీద భక్తి ఉన్నవాళ్ళం వారి ముఖాన్ని మార్చకుండా ముందుతరానికి అందించాలి కదా.

చివరి అధ్యాయం తిరిగి ఇవ్వడం గురించి. ఊరి పేరు తప్పు పడిన చోట, ఖాళీగా ఉన్నచోట, ఆధారాలతో ఆ గ్రంథాలయానికి ఉత్తరం రాయమంటుంది. నమూనా ఉత్తరమూ ఇచ్చింది. ఇది చదువుతుంటే నాకు మన గ్రంథాలయోద్యమం గుర్తుకొచ్చింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలవల మీద పడవలో పుస్తకాలు పెట్టి రేవు రేవుకీ పంపారు. మన రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి మూలమైన వసురాయ గ్రంథాలయం 1898లో పుట్టింది. చదువరి దగ్గరికే గ్రంథాలయం వెళ్ళాలన్నది వారి పట్టు. చదువరి తనకు తెలిసినది గ్రంథాలయానికి చేర్చాలన్నది ఈ పుస్తకం చేస్తున్న చేర్పు. ఆ పరంపరలో ఇది యోగ్యమైన మెట్టు.

రెండో కూర్పులో రెండు సంగతులు చేర్చమని పెద్దవాడిగా కోరుతున్నాను. యానాం కోసం ఫ్రెంచి వెతుకుడు మాటల పట్టిక ఇంకా పెంచాలి. బల్లకట్టు సరంగులు, కొబ్బరి దింపు కార్మికులు, చేనేతవారు, పడవలు కట్టే వడ్రంగులు వంటి శ్రమజీవుల బొమ్మలు ఏ శీర్షికల కింద దాగి ఉంటాయో ఒక అధ్యాయం రాయాలి. పాత కేటలాగుల్లో వారికి పేర్లుండవు. పనిముట్టు పేరుతో, వృత్తి పేరుతో, రేవు పేరుతో వెతకాలి. ఈ అమ్మాయికి ఆ ఓపిక ఉంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట శాఖా గ్రంథాలయాల మిత్రులకి నా విన్నపం ఒకటి. మీ మీ గ్రంథాలయంలో కోనసీమ బొమ్మల రిజిస్టరు ఒకటి తెరవండి. ఊరు, కాలం, దాచిన సంస్థ, సంఖ్య, గుర్తుపట్టినవారి పేరు అని అయిదు గళ్ళు గీస్తే చాలు. కాలేజీ పిల్లలు వెతికి తెస్తారు, పక్కన కూర్చున్న తాతగారు గుర్తుపట్టి చెబుతారు. రిజిస్టరుకి ఇంకో నకలు వరద అందని ఊళ్ళో ఉంచండి. ఈ పుస్తకం ఆ పనికి పాఠ్యపుస్తకం అవుతుంది.

చిరంజీవి రచయిత్రికి నా ఆశీస్సులు. నువ్వు మొదలుపెట్టిన పని పదిమంది చేతుల మీదుగా పెరగాలి తల్లీ. దీర్ఘాయుష్మతివై, ఆరోగ్యవంతురాలివై, మన సీమకి ఇలాంటి పుస్తకాలు మరిన్ని రాయి.

అమలాపురం
విశ్వావసు నామ సంవత్సర కార్తిక పౌర్ణమి

— ఒక విశ్రాంత గ్రంథపాలకుడు