180 గంటల సేవ

ఈ వారం గుంటూరు అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో కాగితాలు ప్రింటు తీయించుకుంటుంటే, కాలేజీ కుర్రాడొకడు వచ్చి "అన్నా, సీఎస్పీ రిపోర్టు కావాలి" అన్నాడు. కొట్టతను తలెత్తకుండానే అడిగాడు: "పత్తి ఊరా, మిరప ఊరా?" రెండూ సిద్ధంగా ఉన్నాయట. ఊరి పేరు, హాల్ టికెట్ నంబరు మార్చి స్పైరల్ బైండింగ్ వేయడమే.

డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళకు సీఎస్పీ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 2020-21 సిలబస్‌తో వచ్చింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో 180 గంటలు ఏదో ఒక ఊళ్ళోనో పేటలోనో తిరిగి, ఇల్లిల్లూ సర్వే చేసి, ఒక సమస్య పట్టుకుని రిపోర్టు రాయాలి. నాలుగు క్రెడిట్లు. బీకాం వాళ్ళకీ ఇదే, బీఎస్సీ వాళ్ళకీ ఇదే. సోషల్ వర్క్ తీసుకున్న పిల్లలకు మాత్రం ఒక్క వేసవితో తీరేది కాదు, వాళ్ళ చదువంతా ఇదే.

సేవను క్రెడిట్లతో తూచడమేమిటని నేను గొణుగుతుంటాను. అప్పుడల్లా శారదా నికేతనం సంగతి ఎత్తుతాను. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఈ గుంటూరులోనే ఆడవాళ్ళ చదువు కోసం దాన్ని పెట్టారు. బొంబాయిలో టాటాల పేరిట దేశంలో మొదటి సోషల్ వర్క్ స్కూలు తెరిచింది 1936లో. పధ్నాలుగేళ్ళ తేడా. ఎవరి దగ్గర ఫీల్డ్ వర్క్ చేశారని ఉన్నవ వారిని అడుగుతాం?

ఆ తర్వాత హేమలతా లవణం. వినుకొండలో పుట్టిన కవి జాషువా గారి అమ్మాయి, నాస్తికవాది గోరా గారి కోడలు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం పేరు చెబితే జనం ఇళ్ళకు తాళాలు సరిచూసుకునే రోజుల్లో, 1970ల్లో, ఆమె భర్త లవణంతో కలిసి ఆ గడపల్లోకి వెళ్ళి కూర్చున్నారు. తెల్లదొరలు ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులని చట్టం రాసి, తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు అది. 1952 నాటికి ఆ చట్టం పోయింది, పోలీసు స్టేషన్లో పాత అనుమానం పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు తట్టేది ఆ ఊరి తలుపే. అలాంటి చోట ఒక మనిషి వచ్చి మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడగడం ఏ సిలబస్‌లో ఉంటుంది?

సరిగ్గా ఇక్కడే నా వాదం నాకే అడ్డం తిరుగుతోంది. స్టువర్టుపురాన్ని అన్నేళ్ళు తొక్కిపెట్టింది కూడా కాగితమే: హాజరు పట్టీలు, పేర్ల జాబితాలు. రాసే కలం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. హేమలత గారు మంచినీళ్ళు తాగి ఊరుకోలేదు, ఆ అనుభవాలను 'నేరస్థుల సంస్కరణ' అని పుస్తకంగా రాశారు.

మా వీధిలో ఒక అమ్మాయి బీఏలో సోషల్ వర్క్ చదువుతోంది. "బాబాయ్, తప్పులుంటే దిద్దు" అని తన ఫీల్డ్ వర్క్ నోట్సు ఇచ్చి వెళ్ళింది. పెదనందిపాడు వైపు నల్లరేగడి ఊళ్ళో ఒక ఇల్లు. ఇంటాయన కౌలుకు మిరప వేశాడు. నల్ల తామర పురుగు పూత మీద పడ్డ 2021-22 సీజనులో పంట పోయింది, ఆ తర్వాత మనిషీ పోయాడు. నోట్సులో కన్నీళ్ళ వర్ణన కోసం వెతికాను. లేదు. ఉన్నది ఇదీ: "కౌలు నోటిమాట. డబ్బు ముందే కట్టారు, రసీదు లేదు. సాగుదారు కార్డు లేదు. పురుగుమందుల కొట్టు బాకీ తెల్ల చిట్టీల మీద ఉంది, చిట్టీ మీద పేరు లేదు. ఎఫ్ఐఆర్ ఉంది. పోస్టుమార్టం రిపోర్టు జిరాక్సు మాత్రమే ఉంది." పక్కన మార్జిన్లో: "అక్క టీ ఇచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కప్పులు తాగాను."

2004 నాటి జీవో 421 ప్రకారం, రైతు ఆత్మహత్యకు పరిహారం ఇచ్చే ముందు చావుకు కారణం తేల్చేది ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి కూర్చునే కమిటీ. వాళ్ళ ముందుకు వెళ్ళేది ఏడుపు కాదు, ఫైలు. కౌలుదారుకు 2011 చట్టం రుణ అర్హత కార్డు ఇస్తానంది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం సాగుదారు కార్డుకు పొలం యజమాని సంతకం తెమ్మంది. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని ఆసామి భయం. కార్డు లేకపోతే ఏళ్ళ తరబడి సేద్యం చేసినవాడు కాగితం మీద రైతే కాడు. అలాంటి ఇంటికి జాలిపడే మనిషి వెళ్తే ఒక పూట ఓదార్పు. ఏ కాగితం తక్కువైందో కనిపెట్టి, ఆసామితోనో వీఆర్వోతోనో మాట్లాడి రాయించే మనిషి వెళ్తే దారి దొరకొచ్చు. ఇది మాత్రం నేర్పితేనే వచ్చే విద్య. మేరీ రిచ్‌మండ్ అనే అమెరికా ఆవిడ 1917లోనే, కుటుంబాల వివరాలు ఎలా సేకరించి ఎలా సరిచూడాలో 'సోషల్ డయాగ్నసిస్' అని పెద్ద గ్రంథం రాసింది. కేస్ వర్క్ చదువుకు పునాది అదే. దయ గల పెద్దలు మన దగ్గర ఎన్నడూ కరువు కాలేదు, ఇలా పద్ధతిగా రాసిపెట్టేవాళ్ళే తక్కువ.

కాబట్టి నాలుగు క్రెడిట్లూ ఉండనివ్వండి. సోషల్ వర్క్ పిల్లలకైతే ఇంకో పేపరు కూడా పెట్టండి: వన్-బీ, అడంగల్ చదవడం, కమిషన్ కొట్టు ఖాతా చదవడం, పంచనామా నకలుకు అర్జీ పెట్టడం. ఇక ఆ పత్తి ఊరు, మిరప ఊరు రిపోర్టులు కొన్న పిల్లలను పట్టుకోవడం లెక్చరర్లకు కష్టమేమీ కాదు. వైవాలో ఒక్కటే అడగండి: "నువ్వు వెళ్ళిన ఇళ్ళల్లో ఒకటి చెప్పు. పేరొద్దు. ఆ ఇంట్లో ఏ కాగితం లేదు?"