‘శ్రీ’ పక్కన ‘మతి’

లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు ఎల్.సి. తీసుకోవాలి. లైన్ క్లియర్ అన్నమాట. ఫలానా లైను ఆపేశాం, ఎర్త్ చేశాం, ఇక చెయ్యి పెట్టొచ్చు అని ఇచ్చే కాగితం. దాన్ని నమ్మే మనిషి పైకెక్కుతాడు. ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనిచ్చిన ప్రతి ఎల్.సి. మీదా పేరు రాసే చోట ‘శ్రీ’ అని అచ్చయి ఉండేది. పక్కన పెన్నుతో ‘మతి’ అని చేర్చేదాన్ని. అలా పెళ్ళికి రెండేళ్ళ ముందే శ్రీమతినైపోయాను.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందంటూ వచ్చిన రైతులు “ఏఈ గారు లేరామ్మా?” అనేవారు. “నేనే” అంటే, నా వెనకున్న తలుపు వైపు కాసేపు చూసి, “సారు ఎప్పుడొస్తారు?” అని మళ్ళీ అడిగేవారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. కోపమంతా మా సబ్‌స్టేషన్ ప్లాన్ గీసినవాళ్ళ మీద. కంట్రోల్ రూముకి, బ్యాటరీ రూముకి, ఆఖరికి సైకిల్ స్టాండుకి కూడా చోటు చూపించారు. ఆడవాళ్ళకో మరుగుదొడ్డి మాత్రం గీయలేదు. పొద్దున్న ఇంట్లో కాఫీ తాగితే మళ్ళీ సాయంత్రం దాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు. మే నెలలో, స్విచ్‌యార్డు కంకర సెగలు కక్కుతున్నా సరే.

డ్రాయింగులతో పనిచేసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. సైటుకొచ్చిన ప్రింటులో తప్పుంటే ఎర్ర పెన్సిల్‌తో దిద్దుతాం. ఆ ఒక్క కాగితం బాగుపడుతుంది. అసలు ట్రేసింగ్ మీది ఇంకును బ్లేడుతో గీకి, మళ్ళీ గీసి, రివిజన్ నంబరు వెయ్యకపోతే మాత్రం, తర్వాత తీసే ప్రింటులో అమ్మోనియా వాసనతో పాటు అదే తప్పు మళ్ళీ దిగుతుంది.

అయ్యలసోమయాజుల లలిత పట్టా గురించి చదివినప్పుడు నాకు ఈ ఎర్ర పెన్సిలే గుర్తొచ్చింది. 1919లో మద్రాసులో తెలుగింట పుట్టిన మనిషి. పదిహేనేళ్ళకి పెళ్ళి, 1937లో భర్త పోయేనాటికి ఒళ్ళో నాలుగు నెలల పాప. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1940లో చేరి ఎలక్ట్రికల్ చదివింది. తోడుగా లీలమ్మ, థ్రేసియా అనే మరో ఇద్దరమ్మాయిలు సివిల్‌లో చేరారు. చదువు ముగిశాక లలిత చేతికొచ్చిన పట్టాలో ‘హీ’ అని అచ్చయి ఉన్నదాన్ని కొట్టేసి ‘షీ’ అని దిద్దారు. ఆవిడ తర్వాత కలకత్తాలో ఏఈఐ కంపెనీలో భాక్రా నంగల్ పనులకి డిజైన్లు చేసింది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకీ వెళ్ళింది.

ఆవిడంటే నాకెంత గౌరవమున్నా, ఒక పేచీ ఉంది. లలిత తండ్రి పప్పు సుబ్బారావు ఆ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. కూతుర్ని చేర్చుకోమని ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఒప్పించగలిగాడు. మా లైన్‌మన్ కూతురు తెలుగు మీడియంలో పాలిటెక్నిక్ చదివింది. దాని తరఫున ఎవరు ఎవరితో మాట్లాడతారు? మన రాష్ట్రాల ఇంజనీరింగ్ సీట్లలో ఆడపిల్లలకి మూడో వంతు కేటాయించడాన్ని, ఐఐటీల్లో 2018 నుంచి వాళ్ళకి అదనపు సీట్లు కల్పించడాన్ని కొందరు దయాధర్మమంటారు. నాకది ట్రేసింగ్ మీద దిద్దుబాటు. గనుల సంగతి చూడండి. భూగర్భంలో ఆడవాళ్ళు పనిచెయ్యకూడదని 1952 చట్టంలో రాసుంటే, తెగువున్న పిల్ల ఎంత చదివితే ఏం లాభం? 2019లో ఆ నిషేధం సడలించాక గానీ దిగే దారి లేకపోయింది.

ఈమధ్య ఏదో పనుండి పాత సబ్‌స్టేషన్‌కి వెళ్ళాను. మరుగుదొడ్డి కట్టారు, తాళం కూడా వేసుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందట, వాచ్‌మన్ టీకి వెళ్ళాడట. ఇప్పటి ఏఈ పాతికేళ్ళ అమ్మాయి. సేఫ్టీ షూ ముందుభాగంలో దూది కుక్కుకుని నడుస్తోంది.

“సైజు దొరకలేదామ్మా?” అన్నాను.

“ఇండెంట్ పెట్టాను మేడమ్, చూడండి” అని ఫారం తీసింది. సైజులు 7 నుంచి 10 దాకా అచ్చయి ఉన్నాయి. 7కి ఎడంపక్క, మార్జిన్లో, నీలం పెన్నుతో 5 అని రాసి చుట్టూ సున్నా చుట్టింది.