చేతికి చోటిచ్చే లెన్స్

కంసాలి టంకం పెట్టేటప్పుడు దగ్గర కూర్చుని చూడాలి. అతుకు మీద వెలిగారం రాసి, రవ్వంత టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంటను సరిగ్గా అక్కడికే పంపుతాడు. కరిగిన టంకం రెండు అంచుల మధ్యకి పాకిందా లేదా అన్నది ఆ ఒక్క క్షణంలో కంటితోనే తేల్చుకుంటాడు. సెల్‌ఫోన్ బోర్డు మీద చిప్ లెవెల్ పని చేసే మెకానిక్‌దీ అదే విద్య. వెలిగారం స్థానంలో పేస్టు, ఊదుగొట్టం స్థానంలో హాట్ ఎయిర్ వచ్చాయి. మారిందల్లా అతుకు పరిమాణం. బోర్డు మీద 0402 అని పిలిచే కెపాసిటర్ పొడవు 1 మిల్లీమీటరు, వెడల్పు అందులో సగం. ఫోన్లలో వాడే 01005 రకమైతే 0.4 మిల్లీమీటర్ల పొడవు, 0.2 వెడల్పు. పుస్తకం చదివే దూరంలో మంచి కన్ను విడదీసి చూడగలిగేదే సుమారు 0.1 మిల్లీమీటరు. ఇక్కడ కంటికి సాయం కావాల్సిందే.

తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్లలో ఈ పనిలోకి దిగే కుర్రాళ్లు మైక్రోస్కోపు కొనబోయేముందు సాధారణంగా అడిగేది, “ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?” అని. నా దృష్టిలో అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: లెన్సుకీ బోర్డుకీ మధ్య చేతులకి ఎంత చోటు మిగులుతుంది?

వాచీ మెకానిక్ కంటికి పెట్టుకునే అద్దాన్నే తీసుకోండి. పది రెట్లు పెంచే అద్దమైతే వస్తువు దానికి 25 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. అంటే బోర్డు ముక్కుకి ఆనేంత దగ్గరకి రావాలి. ఆ సందులో 350 డిగ్రీల ఐరన్ మొన, ట్వీజర్, పైకి లేచే పేస్టు పొగ, అన్నీ ఇమడవు. కాలేజీ జువాలజీ ల్యాబులోని మైక్రోస్కోపు ఇంకా పనికిరాదు. దాని లెన్సు వస్తువుకి బాగా దగ్గరగా దిగుతుంది. పైగా బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. చెయ్యి ఎడమకి జరిపితే కంటికి కుడికి కదిలినట్టుంటుంది.

ఈ ఇబ్బందికి దారి చూపింది హొరేషియో గ్రీనో అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త. రెండు కళ్లతో, నిటారుగా, లోతు తెలిసేలా చూసే పరికరం కావాలని 1890లలో జర్మనీలోని జైస్ కంపెనీని కోరాడు. ఒకదానికొకటి కాస్త వాలిన రెండు చిన్న మైక్రోస్కోపులను పక్కపక్కన పెట్టి వాళ్లు తయారుచేసిందే స్టీరియో మైక్రోస్కోపు. ఇప్పటికీ రిపేరు బల్లల మీద ఎక్కువగా ఉండేది ఆ రకమే. రెండు కళ్లకీ కలిపి ఒకే పెద్ద లెన్సు ఉండే రకం కూడా ఉంది. అది ఖరీదు. ఫోను పనికి గ్రీనో రకం చాలు.

మార్కెట్లో ఎక్కువగా దొరికేది 7 నుంచి 45 రెట్ల జూమ్ ఉన్నది. దాని కింద ఖాళీ సుమారు 10 సెంటీమీటర్లు. అడుగున 0.5 లెన్సు బిగిస్తే ఆ ఖాళీ 16, 17 సెంటీమీటర్లకి పెరుగుతుంది. పెంచే శక్తి మాత్రం సగానికి, అంటే 3.5 నుంచి 22.5కి తగ్గుతుంది. చాలామంది ఇక్కడే వెనకాడతారు. నిజానికి సోల్డరింగ్ చేసేటప్పుడు పది రెట్లు దాటాల్సిన అవసరం అరుదు, అతుకు పరీక్షకి ఇరవై సరిపోతాయి. తగ్గినందుకు బదులుగా మామూలు ఐపీసుల్లోంచి దాదాపు 57 మిల్లీమీటర్ల మేర బోర్డు ఒక్కసారే కనిపిస్తుంది. ఏ ఐసీ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. పొగ పట్టేదీ, పేస్టు చిందేదీ ఆ అడుగు లెన్సు మీదే కాబట్టి అసలు లెన్సు శుభ్రంగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: తల భాగం పైకి లేస్తుంది, కాబట్టి స్టాండు కడ్డీ పొడవైనదై ఉండాలి, బల్ల ఎత్తు తగ్గాలి. మెడ చాచి చూసే బల్ల మీద రోజంతా పని సాగదు.

తెర మీద బొమ్మ చూపే కెమెరా మైక్రోస్కోపులు చాలా చవక. అతుకు చూడటానికి, ఫోటో తీసి కస్టమర్‌కి చూపడానికి బాగానే ఉంటాయి. ఐరన్ పట్టుకున్న చేతికి మాత్రం అవి చాలవు. బొమ్మ రవ్వంత ఆలస్యంగా వస్తుంది, లోతు అసలే తెలియదు. మొన ప్యాడ్‌ని తాకిందో, దాని పైన గాల్లో ఉందో తెలియకపోతే పక్కనున్న కెపాసిటర్ ఎగిరిపోతుంది. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు కెమెరాను తర్వాతకి వాయిదా వేసి, ముందు రెండు కళ్ల మైక్రోస్కోపే కొనుక్కోవాలి.

వెలుతురు గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. లెన్సు చుట్టూ బిగించే రింగ్ లైటు నీడలు లేకుండా చేస్తుంది, పని చేయడానికి అదే మంచిది. పరీక్షకి మాత్రం నీడే కావాలి. రింగ్ ఆపి, పక్క నుంచి వాలుగా చిన్న లైటు వేస్తే చిప్ కింది టంకం బంతి పక్కన జుట్టంత పగులు తేలుతుంది. పాత సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరిగి, ఆరాక మెరుస్తుంది. సీసం లేని టంకం కరగాలంటే 217 దాటాలి, ఆరాక సహజంగానే మసకగా కనిపిస్తుంది. దాన్ని డ్రై సోల్డర్, అంటే సరిగా పట్టని అతుకు, అనుకుని మళ్లీ వేడిచేసి బోర్డును చెడగొట్టేవాళ్లున్నారు. మెరుపును బట్టి తీర్పు చెప్పకూడదు. టంకం ప్యాడ్ మీదికి పల్చగా పరుచుకుందా, అంచు దగ్గర ముద్దగా ఆగిపోయిందా అన్నది చూడాలి.

మన ప్రాంతపు పనికి ఇంకో ముఖం ఉంది. బాపట్ల పక్కనే సూర్యలంక సముద్రం, రేపల్లె దిగువన నిజాంపట్నం రేవు, చుట్టూ రొయ్యల చెరువులు. చెరువు గట్టు మీద ఏరేటర్ సరిచేస్తుండగా జేబులోంచి ఫోను జారితే అది పడేది ఉప్పు కలిసిన నీళ్లలో. బ్యాటరీ కరెంటు ఉండగా ఆ నీళ్లు రాగిని గంటల్లోనే తినేస్తాయి. మైక్రోస్కోపు కింద పెడితే కరెంటు ఉండే ప్యాడ్ల చుట్టూ ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. షీల్డ్ రేకు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఒక్కో కాలూ చూసుకుంటూ పోవాలి. పైకి ఆరినట్టున్న బోర్డులో కూడా ఐసీ కింద ఉప్పు ఉంటుంది. డెడ్ అన్న ఫోను లేచిందంటే చాలాసార్లు కారణం ఈ ఓపికే. ఆ ఫోనులోనే రైతు మేత లెక్కలు, డబ్బుల లావాదేవీలు, పిల్లల ఫోటోలు ఉంటాయి. మరమ్మతు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో కమిటీ వేసింది. ఆ హక్కు ఊళ్లో నిజంగా చేతికందాలంటే ఇలాంటి బల్ల ఒకటి ఉండాలి.

ఫోనును తినే ఆ తేమే మైక్రోస్కోపునీ వదలదు. లెన్సు లోపల సాలెగూడు లాంటి బూజు పడితే పూత శాశ్వతంగా పోతుంది. రాత్రి ముసుగు వేసి వదిలేస్తే సరిపోదు. తల భాగాన్ని మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచాలి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరగ్గానే వేయించి మళ్లీ వాడాలి. ఐపీసు ఊడదీసి గొట్టం తెరిచి ఉంచడం కంటే పెద్ద పొరపాటు లేదు.

లెన్సుల పని ఈ డెల్టాకి కొత్త కాదు. రేపల్లె నుంచి పెనుమూడి వంతెన దాటి వెళ్తే వచ్చే మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాల పరికరాలు తయారుచేసేది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. రాత్రి చీకట్లో చూసే సైనిక పరికరాలు అక్కడ తయారవుతాయి. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981 నుంచి ఉంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థి ఒక్క సెమిస్టర్ ఇలాంటి రిపేరు బల్ల దగ్గర కూర్చుంటే, కాగితం మీద గీసిన సర్క్యూట్ చేతిలో ఎలా చెడుతుందో తెలుస్తుంది. నేర్పాలనుకునే మెకానిక్ కెమెరా కోసం మూడో గొట్టం ఉండే ట్రైనాక్యులర్ కొనడం న్యాయం. గురువు చూస్తున్నదే పక్కనున్న తెర మీద శిష్యుడికీ కనిపిస్తుంది. కాకపోతే కొన్నిటిలో కెమెరా మీట లాగగానే ఒక కంటికి వెలుతురు ఆగిపోతుంది. కెమెరా నడుస్తుండగా రెండు కళ్లూ పనిచేసే రకమే అడిగి తీసుకోవాలి.

కొనే చోటే బల్ల మీద పరీక్షించాలి. కరెన్సీ నోటు మీది సన్నక్షరాల మీద జూమ్ పూర్తిగా పెంచి, నాబ్‌తో ఫోకస్ చేయండి. తర్వాత నాబ్ ముట్టకుండా జూమ్ పూర్తిగా తగ్గించి, ఒక్కో ఐపీసు రింగును ఆయా కంటికి స్పష్టమయ్యేలా తిప్పండి. ఆ తర్వాత జూమ్ ఎంత మార్చినా అక్షరాలు చెదరకూడదు. రెండు బొమ్మలు కలవక అక్షరాలు జంటగా కనిపిస్తే, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి. అది సాయంత్రానికి తలనొప్పి తెస్తుంది. కొత్త నాసిరకం కంటే, ఫ్యాక్టరీలు అమ్మేసిన పాత నికాన్, ఒలింపస్ తలలు ఎన్నో రెట్లు మేలు. వాటిని కొనేముందు అడుగు నుంచి టార్చి వేసి ఐపీసులోంచి చూడండి. దారాల్లాంటి బూజు కనిపిస్తే డబ్బు ఇవ్వకండి.