మూతపడ్డ పోస్టాఫీసుల చిట్టా

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎం841 అనే నంబరుతో మైక్రోఫిల్మ్ చుట్టలు కొన్ని ఉన్నాయి. 1832 నుంచి 1971 దాకా ఆ దేశంలో ఏ పోస్టాఫీసుకు ఎవరిని పోస్టుమాస్టరుగా వేశారో రాసిపెట్టిన రిజిస్టర్లవి. రాష్ట్రం, దాని కింద కౌంటీ, కౌంటీ కింద పోస్టాఫీసు. ఎదురుగా పోస్టుమాస్టరు పేరు, వేసిన తేదీ. ఆఫీసు ఎత్తేస్తే ఆ తేదీ, ఇకమీదట అక్కడి టపా ఏ ఊరికి పంపాలో ఒక్క ముక్క. ఇంతకన్నా నీరసమైన రాత వెతికినా దొరకదు. అయినా పటంలోంచి జారిపోయిన పల్లెల్ని వెతికేవాళ్లు దీన్ని తెరవకుండా పని మొదలుపెట్టరు.

జనాభా లెక్కలు ఉండగా ఇదెందుకు? ఆ లెక్కల్లో పెద్ద కంత ఉంది. 1890 జనగణన కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. మిగిలినవాటిని, ఏవో కొన్ని ముక్కలు తప్ప, 1930లలో ప్రభుత్వమే వదిలించుకుంది. అంటే దేశ జనగణనలో 1880 తరవాత ఇంటింటి వివరం మళ్లీ 1900లోనే. కాన్సస్, నెబ్రాస్కా మైదానాల్లోకి జనం బండ్లు కట్టుకుని పోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే. 1884లో పుట్టి, వానలు ఎగ్గొట్టాక 1897కల్లా ఖాళీ అయిన పల్లె అలాంటి లెక్కలో ఎక్కడ కనిపిస్తుంది? అక్కడొక పోస్టాఫీసు ఉండి ఉంటే మాత్రం రిజిస్టర్లో ఒక వరస మిగులుతుంది.

ఆ వరస కన్నా రుచికరమైనవి స్థల నివేదికలు. 1837 నుంచి 1950 దాకా ఉన్నవి ఎం1126 అనే మరో మైక్రోఫిల్మ్ శ్రేణిలో దొరుకుతాయి. కొత్తగా పోస్టాఫీసు కావాలన్నా, ఉన్నది జరపాలన్నా పోస్టుమాస్టరు ఒక ఫారం నింపి పంపాలి. దగ్గర్లో ఉన్న నది పేరేమిటి, దానికి ఏ వైపు, ఎంత దూరం? వాగు ఏది? దారిలో ముందు వెనక ఏ పోస్టాఫీసులున్నాయి? ఎంతమందికి ఉత్తరాలు అందుతాయి? చివర చేత్తో ఒక పటం గీయాలి. గీసినవాళ్లు కొట్టు నడుపుకునేవాళ్లు, రైతులు. నది ఒక వంకర గీత, రైలు దారి ఒక నిచ్చెన, ఆఫీసు ఉండబోయే చోట ఒక చుక్క. కొలతలు సరిగ్గా ఉండవు. కానీ ప్రభుత్వ సర్వేయర్ల పటాల్లో లేని పేర్లు ఈ దస్తూరిలో దొరుకుతాయి.

అయితే రిజిస్టరును ఉన్నదున్నట్టు నమ్మేవాడు బోర్లాపడతాడు. పేరు దగ్గరే మొదటి చిక్కు. రాష్ట్రంలో మరో పోస్టాఫీసుతో కలిసిపోని, పొట్టి పేరే పెట్టమని తపాలా శాఖ అడిగేది. 1894 నుంచి ఈ పట్టు మరీ బిగిసింది. ఊళ్లోవాళ్లు పిలుచుకునేది ఒకటి, ముద్ర మీద కనిపించేది ఇంకొకటి అయ్యింది. పిట్స్‌బర్గ్ లాంటి మహానగరమే 1890లలో తన స్పెల్లింగులో చివరి అక్షరాన్ని పోగొట్టుకుని, 1911లో గానీ తిరిగి తెచ్చుకోలేకపోయింది. ఇరవై ఇళ్ల పల్లె మాట వినేదెవరు?

పోస్టాఫీసు కదలడం రెండో చిక్కు. చిన్న ఊళ్లలో అది పోస్టుమాస్టరు ఇంట్లోనో, కొట్టు మూలనో ఉండేది. మనిషి మారితే ఆఫీసూ అతని వెంట రెండు మైళ్లు అవతలికి పోయేది, పాత పేరుతోనే. ఒకే పేరు ముప్ఫై ఏళ్లు కనిపించినంత మాత్రాన ఒకే చోట ముప్ఫై ఏళ్లు ఊరుందని అనుకోకూడదు.

మూడోది రాజకీయం. 1885, 1889, 1893, 1897... ఈ ఏళ్ల దగ్గర పోస్టుమాస్టర్ల పేర్లు గుంపులుగా మారిపోతాయి. పల్లెల్లో మశూచి వచ్చిందనో, జనం వలస పోయారనో అనుకుంటే పొరపాటే. వాషింగ్టన్‌లో పార్టీ మారింది, అంతే. అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ మొదటి హయాంలో తపాలా శాఖలో ఉన్న అడ్లాయ్ స్టీవెన్‌సన్ దాదాపు 40,000 మంది రిపబ్లికన్ పోస్టుమాస్టర్లను ఇంటికి పంపాడని చెబుతారు. గెలిచిన పార్టీ మనుషులకు ఉద్యోగాలు పంచడం మనకేమీ కొత్త సంగతి కాదు గానీ, ఊరి చరిత్ర రాసేవాడు దాన్ని ఊరి కథగా పొరబడకూడదు.

కెంటకీ రాష్ట్రంలో రాబర్ట్ రెన్నిక్ ఈ పనినే జీవితంగా చేసుకున్నాడు. 1984లో వచ్చిన ఆయన ‘కెంటకీ ప్లేస్ నేమ్స్’ పుస్తకం తరవాత కూడా కౌంటీ వెంట కౌంటీగా పోస్టాఫీసుల చరిత్ర రాస్తూ పోయాడు. రిజిస్టరును పక్కన పెట్టుకుని ఊళ్లలో ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగాడు. ఆ రెండూ కలిస్తేనే ఈ పని నిలుస్తుంది. కాగితం ఒక్కటే చాలనుకునేవాళ్లు తేదీల జాబితా తయారుచేస్తారు, ఊరిని కాదు.

1901లో అమెరికాలో 76,945 పోస్టాఫీసులుండేవి. అంతకన్నా ఎక్కువ మరెప్పుడూ లేవు. 1896 అక్టోబరు 1న వెస్ట్ వర్జీనియాలో ఉత్తరాలను పల్లెల్లో ఇళ్ల దగ్గరికే తెచ్చే ఏర్పాటు మొదలైంది. అది విస్తరించేకొద్దీ చిన్న పోస్టాఫీసులు వేలల్లో మూతపడ్డాయి. వాటితోపాటు ఊళ్లూ పోయాయనుకోవడం అన్ని పొరపాట్లలోకీ పెద్దది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు 1877లో కెంటకీ నుంచి వచ్చి కాన్సస్‌లో నికోడెమస్ కట్టుకున్నాయి. మొదటి చలికాలం నేలలో తవ్వుకున్న గుంతల్లో గడిపాయి. ఆ ఏడాదే పోస్టాఫీసు వచ్చింది, పోస్టుమాస్టరు జాకరీ ఫ్లెచర్. 1888లో రైలు ఊరిని తప్పించుకుని పోయింది, వ్యాపారులు పట్టాల వైపు తరలిపోయారు. ఊరి పని అయిపోయిందని అప్పుడే అనుకున్నారు. పోస్టాఫీసు మూతపడింది మాత్రం 1953లో. ఆ తరవాత కూడా ఊరు పోలేదు. ఏటా జులై చివర ఆ కుటుంబాల వారసులు అక్కడ కలుస్తారు. 1996లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

తెలుగునాట ఇలాంటి వెతుకులాటకు చోటు లేకపోలేదు. తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో జనం లేని ఊళ్లను ‘బేచిరాక్’ గ్రామాలని రాసుకుంటారు. భూమి ఉంది కాబట్టి పేరు మిగిలింది. అక్కడ ఎవరున్నారో, ఎవరికి ఉత్తరాలు వచ్చేవో రెవెన్యూ చిట్టా చెప్పదు. 1981లో శ్రీశైలం జలాశయం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లను ముంచింది. ఆ ఊళ్లవాళ్ల ఉత్తరాల మీద పోస్టాఫీసు పేరు, ‘వయా’ అంటూ సంచి ఏ దారిన వచ్చేదో రాసి ఉంటుంది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చేదాకా ఉత్తరానికి దారి చూపింది ఆ ‘వయా’నే. 1950కి ముందు హైదరాబాద్ రాజ్యంలోని ఊరైతే నిజాం టపా ముద్ర కోసం చూడాలి, ఎందుకంటే అప్పటిదాకా ఆ రాజ్యానికి సొంత తపాలా ఉండేది.

ఇళ్లలో ట్రంకుపెట్టె సర్దుతున్నవాళ్లకు ఒక మనవి. పాత కార్డులు, కవర్లు బయటపడితే స్టాంపు కోసం కత్తిరించకండి, నీళ్లలో నానబెట్టకండి. ముద్ర, తేదీ, చిరునామా చెదరకుండా కవరును కవరుగానే ఉంచండి. వెనక పెన్సిలుతో అది ఎవరికి, ఎవరు రాశారో, ఆ ఊరు ఇప్పుడుందో లేదో రాసిపెట్టండి.