ఒంటితో పేచీ: ఒకే మాట, రెండు బాధలు

‘మగపిల్లాడిగా పుట్టినా బాగుండేది’ అనే ఆడపిల్ల మన కథలకు కొత్త కాదు. ఆ మాట వినగానే మన విమర్శ దాన్ని పితృస్వామ్యం పద్దులో రాసుకుని ముందుకు సాగిపోతుంది. చాలాసార్లు అది సరైన పద్దే. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆ మాటకు చరిత్ర కూడా ఉంది. 1953 దాకా ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. కొడుకులు లేని ఇళ్ళు కూతుర్ని బసివిగా దేవుడికి వదిలే ఆచారం ఆ జిల్లాలో బలంగా ఉండేది. బసివికి కొడుకులాగే ఆస్తి వచ్చేది, తండ్రికి కర్మ చేసే హక్కు వచ్చేది. పెళ్ళి మాత్రం లేదు. మగవాడి హక్కు ఇచ్చి ఆడదాని ఒంటిని తీసుకున్న బేరం అది. 1947లో మద్రాసు చట్టం నిషేధించినా 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ చట్టం చేయవలసి వచ్చింది.

ఇప్పటి పిల్లల బాధ వేరు. రంగు, లావు, పెదవి మీది నూగు. గ్రూపు ఫోటో అంటే మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు వెనక వరసకు పోటీపడతారు. (‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది. పెళ్ళిచూపులవాళ్ళు ఇంకా తీసెయ్యలేదు.) ఈ బాధకు సాహిత్యరూపం ఇచ్చినవారిలో ఓల్గా ముఖ్యులు. ‘రాజకీయ కథలు’ స్త్రీ అవయవాల చుట్టూ అల్లిన రాజకీయాన్ని బయటపెట్టాయి. ‘సీత జడ’లో జుట్టు అందం కాదు, బరువు.

అయితే ఎ. రేవతి ఆత్మకథలో ఆ జుట్టే ప్రాణం. మగబిడ్డగా పెంచినా తాను స్త్రీనని ఎరిగిన మనిషి ఆమె. ఇంటివాళ్ళు ఆమెకు గుండు గీయించడం చదువుతుంటే, జడను బరువుగా మాత్రమే చూడనేర్చిన మన పరిభాష చాలదని తెలుస్తుంది. పి. సత్యవతి చేసిన దాని అనువాదం ‘ఓ హిజ్రా ఆత్మకథ’కు 2019 సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. బహుమతిని మెచ్చుకున్నంతగా మన విమర్శ ఆ పుస్తకంతో తలపడలేదు.

ఒంటికీ లోపలి ఎరుకకూ పొసగని ఈ బాధనే జెండర్ డిస్ఫోరియా అంటున్నారు. లింగగుర్తింపు వ్యక్తి స్వయంగా నిర్ణయించుకునేదని 2014లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో బ్రిటన్‌లో వచ్చిన కాస్ నివేదిక, అక్కడి క్లినిక్‌లకు వచ్చే కౌమార బాలికలు బాగా పెరిగారనీ, పిల్లలకిచ్చే హార్మోను వైద్యానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయనీ చెప్పింది. వైద్యం సంగతి వైద్యులు తేల్చుకోవాలి. కథకుడి పని వేరు. ఆంక్షలు తొలగితే తీరే బాధనూ, తొలగినా తీరని బాధనూ ఒకే మాటతో చెప్పే పాత్రను అతను చివరిదాకా వినాలి. ‘ఇదంతా పట్నపు ఫ్యాషన్’ అని కొట్టిపారేసేవాళ్ళూ, ప్రతి దిగులుకూ తక్షణం కొత్త పేరు పెట్టేవాళ్ళూ ఆ వినడాన్ని తప్పించుకుంటున్నవాళ్ళే. యాంత్రికత రెండువైపులా ఉంది.

రేవతి 2016లో ఇంగ్లీషులో తెచ్చిన ‘ఎ లైఫ్ ఇన్ ట్రాన్స్ యాక్టివిజం’లో ఆడపిల్లలుగా పెరిగిన ట్రాన్స్ పురుషుల జీవితకథనాలున్నాయి. ‘మగపిల్లాడిగా పుట్టినా’ అన్న పాత్రచేత తర్వాతి వాక్యం పలికించకుండా కథ ముగించే మన కథకులు వాటిని ముందుగా చదవాలి.